నెల్లిమర్ల స్టేషను దాటేదాకా

జూన్ తొమ్మిదో తేదీ సాయంత్రం మా అమ్మాయి కొత్త బూట్లు తొడుక్కుని ఇంట్లో రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. తరువాత వాటిని విప్పి, అట్టపెట్టెలో సర్ది, ఆ పెట్టెను మంచం కిందికి తన చెయ్యి అందినంత లోపలికి తోసేసింది. ఆ రాత్రి అన్నం సగంలో వదిలి కడుపులో నొప్పి అన్నది. మా అత్తయ్య గారు వాము నమిలించి వేడినీళ్ళు తాగించారు. వేసవిలో పిల్లలకు వచ్చే కడుపునొప్పులన్నిటికీ మామిడిపళ్ళే కారణమని ఆవిడ నమ్మకం. నేను మాత్రం ఆ నొప్పిని చూడగానే గుర్తుపట్టాను, ఎందుకంటే రెండు రోజులుగా నా కడుపులోనూ అదే మెలిక తిరుగుతోంది.

నేను శ్రీకాకుళంలో ఉంటూ, గార మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఉద్యోగంలో చేరి పద్దెనిమిదేళ్ళయింది. మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులు వేసవి సెలవుల తరువాత సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి కాబట్టి, ప్రతి ఏడూ జూన్ 11 రాత్రి నాకు సరిగా నిద్ర పట్టదు. పట్టినా ఒకటే కల వస్తుంది. గంట కొట్టేశారు, పిల్లలందరూ లేచి నిలుచున్నారు, నా చేతిలో హాజరు పట్టీ ఉంది గాని అందులో ఒక్క పేరూ కనిపించడం లేదు. నలభై దాటిన పంతులమ్మకు బడి తెరిచే రోజంటే గాబరా అని చెప్పుకోవడానికి ఇన్నాళ్ళూ మొహమాటపడ్డాను. ఈ ఏడాది మా అమ్మాయి అయిదో తరగతి ముగించి, చిన్న బడి నుంచి పెద్ద బడికి మారుతున్నందువల్ల, తనతో ఈ విషయం మాట్లాడక తప్పలేదు. మాట్లాడాక నాకు తెలిసివచ్చిన సంగతులు కొన్ని రాసిపెట్టుకోవాలనిపించింది.

నా పదేళ్ళ వయసులో నన్ను విజయనగరంలో ఒక బాలికల వసతి గృహంలో చేర్చారు. మాది ఆమదాలవలసకు దగ్గరలో నాగావళి ఒడ్డున ఉన్న చిన్న పల్లె. ఊరి బడి అయిదో తరగతితో ఆగిపోయేది. మా పెద్దనాన్న గారికి విజయనగరంలో ఉద్యోగం కావడంతో, ఆయన కనిపెట్టుకుని ఉంటారన్న ధైర్యంతో నన్ను అక్కడికి పంపారు. దసరా, సంక్రాంతి, వేసవి, ఇలా ఏడాదికి మూడుసార్లు ఇంటికి రావడం, మూడుసార్లు తిరిగి వెళ్ళడం. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో మా నాన్న, నేను, ఒక రేకుపెట్టె కలిసి విశాఖపట్నం వెళ్ళే పాసింజరు ఎక్కేవాళ్ళం.

ఆ ప్రయాణంలో నా భయానికి కచ్చితమైన పటం ఒకటి ఉండేది. రైలు నాగావళి వంతెన దాటేదాకా ఏడుపు. పొందూరులో ఏడుపు ఆగి మౌనం మొదలయ్యేది. సిగడాం దాటి చీపురుపల్లి చేరేసరికి అరచేతులు చల్లబడేవి. గరివిడి దగ్గర కర్మాగారం గొట్టాలు కనిపించగానే కడుపులో తిప్పడం మొదలై, జూట్ మిల్లు ఉన్న నెల్లిమర్లలో బండి ఆగేసరికి అది తారస్థాయికి చేరేది. ఒకసారి ఆ స్టేషనులో కిటికీలోంచి వాంతి కూడా చేసుకున్నాను. చిత్రమేమిటంటే నెల్లిమర్ల దాటి విజయనగరం ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే ఆ బాధలో సగం తగ్గిపోయేది. వసతి గృహంలో రేకుపెట్టెను మంచం కిందికి నెట్టి, పక్క మంచం అమ్మాయి "ఏటి తెచ్చినావే?" అంటూ అరిసెల డబ్బా మీద చెయ్యి వేసేసరికి మిగిలిన సగమూ పోయేది. రాత్రి దీపాలు ఆర్పేవేళకు, పొద్దున్న రైల్లో అంతగా ఎందుకు వణికానో నాకే గుర్తుండేది కాదు.

అయిదేళ్ళలో కనీసం పదిహేనుసార్లు ఇదే జరిగింది. ప్రతిసారీ నెల్లిమర్ల దగ్గర శిఖరం, విజయనగరంలో విడుదల. అయినా పదో తరగతికి వచ్చేదాకా ఈ క్రమాన్ని నేను గమనించలేదు. భయం పట్టినప్పుడు మనిషికి గతంలో తనకు భయం తగ్గిన సందర్భాలు గుర్తుకు రావు, పెరిగిన సందర్భాలే వస్తాయి. ఆ చివరి ఏడు మాత్రం గరివిడి దగ్గర కడుపులో తిప్పడం మొదలు కాగానే "ఇంకెంతసేపు, నెల్లిమర్ల దాటేదాకానే కదా" అని నాకు నేను చెప్పుకున్నాను. తిప్పడం ఆగలేదు. కాని దానికి ఒక సరిహద్దు ఏర్పడింది. ఇప్పటికీ జూన్ 11 రాత్రి నేను చెప్పుకునే మాట అదే.

ఇక తిరుగు ప్రయాణం తప్పించుకున్న ఏడాది సంగతి. సంక్రాంతి సెలవుల్లో పిల్లలకు దొరికే గొప్ప ఆయుధం ఒక సామెత. "కనుమ నాడు కాకైనా కదలదు" అంటారు కదా, ఆ మాట అడ్డు పెట్టుకుంటే కనుమ రోజు ఎలాగూ ప్రయాణం ఉండదు. ఎనిమిదో తరగతిలో ఉండగా నేను దాన్ని సాగదీయడం నేర్చుకున్నాను. కనుమ తరువాత ముక్కనుమ, ముక్కనుమ తరువాత వారం మంచిది కాదు, ఆపైన శుక్రవారం ఆడపిల్లను గడప దాటించకూడదు, ఆ తరువాత నాకు ఒళ్ళు వెచ్చబడింది. మా తాతగారికి నా మీద ఉన్న ప్రేమ కొద్దీ ఒక్కొక్క నెపానికి ఒక్కొక్క రోజు చొప్పున ఆరు రోజులు గడిచిపోయాయి. ఆ ఆరు రోజులూ నేను హాయిగా ఉన్నానా అంటే, పొద్దున్న "ఈ రోజు వెళ్ళనక్కరలేదు" అన్న మాట చెవిన పడ్డాక ఓ గంట హాయిగా ఉండేదాన్ని. మధ్యాహ్నానికి రేపటి సంగతి గుర్తుకొచ్చేది. సాయంత్రానికి నిన్నటికంటే ఎక్కువ గుండెదడ. చివరికి మా నాన్న తీసుకువెళ్ళి దింపిన రోజున, అంతవరకూ ఊహల్లో మాత్రమే ఉన్న కష్టాలన్నీ నిజంగానే నా కోసం ఎదురుచూస్తున్నాయి. బీజగణితంలో ఒక అధ్యాయం అయిపోయింది, బల్ల మీద నా చోటులో ఇంకెవరో కూర్చున్నారు, నా స్నేహితురాలికి కొత్త జత దొరికింది.

పిల్లల మనస్తత్వం చదివిన వాళ్ళు చెప్పేదీ ఇదే. భయపడే చోటికి వెళ్ళకుండా ఆగిపోతే ఆ క్షణంలో గొప్ప ఉపశమనం కలుగుతుంది. ఆ ఉపశమనాన్ని శరీరం గుర్తుపెట్టుకుని, ఆగిపోవడమే మందు అని నేర్చుకుంటుంది. కాబట్టి మొదటి రోజు మానేసిన పిల్లకు రెండో రోజు మొదటి రోజుకంటే కష్టంగా ఉంటుంది, మూడో రోజు ఇంకా కష్టం. అలాగని పిల్ల కడుపునొప్పి అబద్ధమని కాదు. గాబరా పడినప్పుడు శరీరం పరుగుకు సిద్ధమవుతుంది, రక్తం జీర్ణాశయం వైపు నుంచి కండరాల వైపు మళ్ళుతుంది, పేగుల కదలిక మారుతుంది. నొప్పి నూటికి నూరుపాళ్ళు నిజం, అజీర్తి మాత్రం కాదు. "నాటకాలు ఆడకు" అన్న మాట ఎంత అన్యాయమో, "సరే, ఇవాళ్టికి మానెయ్" అన్న మాట అంత ప్రమాదం. ఈ రెండింటికీ మధ్య దారి మా నానమ్మకు తెలుసు. ఆమె నా కడుపు మీద ఆముదం రాసి, "నొప్పి ఉంటే ఉండనీ, బేగెల్లి బేగొచ్చీ" అనేది.

దసరా సెలవుల తరువాత తిరిగి వెళ్ళడం మాత్రం నాకు ఎప్పుడూ అంత కష్టంగా ఉండేది కాదు. దానికి కారణం విజయనగరం గ్రామదేవత పైడితల్లి అమ్మవారు. పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఆవిడ సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం జరుగుతుంది. సెలవులు ముగిసి బడికి వెళ్ళినా, ముందు ఊరంతా కదిలివచ్చే ఆ పండుగ ఉండేది. మా వీధి వాళ్ళు, బంధువులు అందరూ సిరిమాను చూడడానికి విజయనగరం వచ్చేవారు, మా అమ్మ కూడా వచ్చేది. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో ఆమె చెయ్యి పట్టుకుని నిలుచున్నప్పుడు, ఇల్లే నా దగ్గరికి వచ్చినట్టు ఉండేది. సెలవులకూ చదువుకూ మధ్య గోడ ఉండేది కాదు, ఒక వాలు ఉండేది. ఒక్కసారిగా మోకాలి లోతులో దూకేబదులు మెట్లు దిగినట్టు దిగేవాళ్ళం.

మా తాతగారి కాలంలో ఈ వాలు ఇంకా బాగుండేదట. ఆయన వీధిబడిలో చదివారు. దసరా రోజుల్లో పంతులుగారే పిల్లలందరినీ వెంటబెట్టుకుని, చేతుల్లో రంగుకాగితాల విల్లంబులతో ఇంటింటికీ తిరిగేవారు. "అయ్యవారికి చాలు అయిదు వరహాలు, పిల్లవాళ్ళకు చాలు పప్పు బెల్లాలు" అని పాడుతూ పిల్లలు ప్రతి గడపలోనూ నిలబడేవారు. ఆ పాట అయ్యవారి పేదరికానికి గుర్తు అని పెద్దయ్యాక అర్థమైంది గాని, అందులో ఇంకొక సదుపాయం కూడా ఉంది. పండుగ రోజున తన వాకిట్లో నిలబడి, తన తల్లి పెట్టిన బెల్లంముక్క తిన్న పంతులుగారి దగ్గరికి నాలుగు రోజుల తరువాత వెళ్ళడానికి ఏ పిల్లవాడికైనా అంత బెరుకు ఎందుకుంటుంది?

ఇప్పుడు నా ఉద్యోగంలో నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఏడో తరగతిలో ఒక అబ్బాయి జూన్ 12న వచ్చాడు, 13న వచ్చాడు, ఆ తరువాత రావడం మానేశాడు. పొద్దున్నే స్నానం చేసి, సంచీ తగిలించుకుని ఇంట్లోంచి బయలుదేరి, బడికి రాకుండా ఒడ్డున బోర్లించిన పడవ నీడలో సాయంత్రం దాకా కూర్చుంటున్నాడని తెలిసింది. మొదటి రోజున నేను ఎక్కాలు అడిగి కాస్త కటువుగా మాట్లాడిన మాట నిజమే కాబట్టి, వాడికి నా పాఠమంటే భయం పట్టుకుందని అనుకున్నాను. వాళ్ళ ఇంటికి వెళ్ళి, "రెండు దెబ్బలు వేసైనా పంపించండి" అని వాడి తల్లితో అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అరుగు మీద వల బాగుచేస్తున్న వాడి నానమ్మ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది: "ఆడికి భయం నేదమ్మా, బెంగ. ఆలయ్య ఎల్లిపోనాడు కదా."

అప్పుడు లెక్క వేసుకుంటే అంతా అర్థమైంది. మన తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటను నిషేధిస్తారు. పిల్లల వేసవి సెలవులూ, తండ్రులు ఒడ్డున ఉండే రోజులూ దాదాపు ఒకటే. ఆ అబ్బాయి తండ్రి విశాఖ రేవులో మరపడవ మీద కూలి. రెండు నెలలు ఇంట్లో ఉండి, కొడుకుకు అలల్లో ఈత, వలముడి, తెడ్డు పట్టడం నేర్పాడు. జూన్ 14 అర్ధరాత్రి నిషేధం ముగుస్తుంది కాబట్టి అంతకు ముందే బయలుదేరి వెళ్ళిపోయాడు. బడి తెరవడమూ, నాన్న వెళ్ళిపోవడమూ రెండు రోజుల తేడాతో జరిగితే, పిల్లవాడి మనసులో ఆ రెండూ ఒకే సంఘటనగా ముడిపడిపోతాయి. మన జిల్లాలో ఇది వీడొక్కడి కథ కాదు. గుజరాత్‌లోని వీరావల్‌కు వేటకు వెళ్ళేవారి పిల్లలు, సంక్రాంతికి వచ్చి కనుమ వెళ్ళగానే చెన్నైకో హైదరాబాదుకో భవన నిర్మాణపు పనులకు తిరిగి వెళ్ళిపోయే తల్లిదండ్రుల పిల్లలు మా తరగతి గదుల్లో ఎందరో ఉన్నారు. సెలవులు ముగియడం అంటే వాళ్ళకు అమ్మానాన్నలు బస్సెక్కడం.

భయం, బెంగ అని రెండు వేరువేరు మాటలు మన భాషలో ఉండగా, పంతులమ్మనై ఉండీ నేను రెండింటినీ కలిపేశాను. భయం రాబోయేదాన్ని చూసి పుడుతుంది, బెంగ వదిలివచ్చినదాన్ని తలచుకుని పుడుతుంది. భయపడే పిల్లకు "అక్కడ ఏమీ జరగదు" అని చూపించాలి. బెంగపడే పిల్లకు ఆ మాట ఎందుకూ కొరగాదు, ఎందుకంటే అక్కడ ఏదో జరుగుతుందని ఆ పిల్ల అనుకోనే లేదు. బెంగకు కావలసింది ఇంటిని కొంచెం బడిలోకి తెచ్చుకోవడం. నేను మా వసతి గృహంలో అమ్మ పాత చీర ముక్కను దిండు గలేబు కింద పెట్టుకునేదాన్ని. వార్డెను గారికి ఆ సంగతి తెలిసినా తెలియనట్టే ఊరుకున్నారు. ఆవిడకు ఆ విషయంలో నేను రుణపడి ఉన్నాను.

ఆ అబ్బాయి విషయంలో నాకు దారి చూపింది లెక్కల పుస్తకమే. కొలతల పాఠం చెబుతూ, పూర్వం మనవాళ్ళు జాన, మూర, బార అని కొలిచేవారని చెప్పాల్సి వచ్చింది. రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార. బార అంటే రెండు చేతులూ చాపినంత, సుమారు ఆరడుగులు. బతిమాలి బడికి రప్పించిన రెండో రోజున వాణ్ణి లేపి, మీ నాన్న వలను దేనితో కొలుస్తాడని అడిగాను. "బారలతోనండీ" అన్నాడు. ఎలా కొలుస్తాడో చూపించమంటే, ఒక తాడు తీసుకుని, చేతులు చాచి చాచి, మధ్యలో ఛాతీ మీదుగా తాడు జరుపుతూ గది పొడవు ఎన్ని బారలో కొలిచాడు. వాడి బారకూ తండ్రి బారకూ ఉన్న తేడాతో లెక్క ఎలా మారుతుందన్నది ఆ రోజు పాఠం అయింది. తరువాత కూడా వాడు నెలకు రెండు మూడు రోజులు మానేసేవాడు. కాని పడవ నీడలో కూర్చోవడం మాత్రం మానుకున్నాడు.

ఇంతా తెలిసిన దాన్ని కదా, మా అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ తడబడ్డాను. కడుపునొప్పి చూడగానే ఇది బెంగ అనుకున్నాను. చిన్న బడి స్నేహితురాళ్ళు వేరే బడుల్లో చేరిపోయారు, అదే బాధ అని ఊహించి ఓదార్చబోయాను. పిల్ల చిరాకు పడింది. ఎదురుగా కూర్చోబెట్టి "ఏమిటి నీ భయం?" అని అడిగితే ఏ పిల్లా చెప్పదు. చేతులు పనిలో ఉండి, కళ్ళు కలవనక్కరలేని చోటే మాట బయటికి వస్తుంది. మర్నాడు మేమిద్దరం చింతపండు ముందేసుకుని గింజలు తీస్తున్నాం. సగం బుట్ట అయ్యాక దానంతట అదే అన్నది: "పెద్ద బడిలో లెక్కల టీచరు మొదటి రోజే నంబరు పిలిచి బోర్డు దగ్గరికి రమ్మంటారట. రాకపోతే అక్కడే నిలబెడతారట. పెద్దమ్మ వాళ్ళ అక్క చెప్పింది."

నేను కాసేపు గింజలు తీస్తూ ఊరుకున్నాను. పద్దెనిమిదేళ్ళుగా జూన్ 12న నేను చేస్తున్న పని అచ్చంగా అదే. కిందటి తరగతిలో నేర్చుకున్నది సెలవుల్లో ఎంత మిగిలిందో తెలుసుకోవాలన్న మంచి ఉద్దేశంతోనే నేను ఆ పని చేసేదాన్ని. బోర్డు దగ్గర నిలబడి సుద్దముక్క నలుపుతూ నేల చూపులు చూసే పిల్లల్ని చూసి, "సెలవుల్లో పుస్తకం ముట్టుకోలేదన్నమాట" అని నవ్వేదాన్ని కూడా. ఆ పిల్లలు జూన్ తొమ్మిదో తేదీ రాత్రి అన్నం సగంలో వదిలేసి ఉంటారని నాకు ఏనాడూ తోచలేదు. వేరే బడిలోని, నేను ఎన్నడూ చూడని ఒక లెక్కల టీచరు మీద మా అమ్మాయికి ఉన్న భయం నా మీద నా పిల్లలకు ఉన్న భయమే.

భయం పేరు తెలిసింది కాబట్టి పని తేలికైంది. మేమిద్దరం రెండు పనులు చేశాం. పదకొండో తేదీ ఉదయం ఆ బడికి వెళ్ళి, కాపలాదారు అనుమతితో లోపలంతా తిరిగాం. ఆరో తరగతి గది ఎక్కడ, నీళ్ళ కుళాయి ఎక్కడ, మరుగుదొడ్డికి ఎటు వెళ్ళాలి అన్నవి చూసుకున్నాం. ఈ మూడోది పెద్దవాళ్ళకు చిన్న విషయంగా తోస్తుంది గాని, మా బడిలో ఆడపిల్లలు పొద్దంతా నీళ్ళు తాగకుండా ఉండడానికి సగం కారణం అదే. గదిలోకి వెళ్ళి నల్లబల్ల ముందు నిలబడమన్నాను. ఖాళీ గదిలో అది నిలబడి, వెనక బల్లలో కూర్చున్న నన్ను చూసి నవ్వింది. రెండోది, బోర్డు దగ్గర లెక్క రాకపోతే ఏమనాలో ఒక వాక్యం తయారు చేసుకున్నాం. "నాకు ఇది గుర్తు లేదండీ, ఒకసారి చూసి చెబుతాను" అన్నది ఆ వాక్యం. నాలుగుసార్లు పైకి అనిపించాను. నోటికి మాట దొరికిన పిల్ల నేల చూపులు చూడదు.

ఒంటికి సంబంధించిన సంగతులు అందరికీ తెలిసినవే. సెలవుల్లో రాత్రి పదకొండుకు పడుకుని ఎనిమిదింటికి లేచే అలవాటు ఒక్క రాత్రిలో మారదు. బడి తెరవడానికి పది రోజుల ముందు నుంచి రోజుకు పావుగంట చొప్పున ముందుకు జరుపుకుంటూ రావాలి. మేము ఆ పని ఆలస్యంగా మొదలుపెట్టి సగంలోనే ఉండిపోయాం. గుండె దడదడలాడుతున్నప్పుడు ఊపిరిని లోపలికి తీసుకున్నదానికంటే నెమ్మదిగా, ఎక్కువసేపు బయటికి వదిలితే దడ తగ్గుతుంది. దీన్ని మా అమ్మాయికి వేడి చోడి (రాగి) అంబలి ఊదుకుని తాగే వంకతో నేర్పాను. అంబలి తాగిన ఫలితమో ఊదిన ఫలితమో తెలియదు గాని నొప్పి కొంత తగ్గింది.

ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి. పిల్ల చెప్పిన కారణం ఊహ కాకుండా నిజమైతే, అంటే బడిలో కొట్టడమో, ఏడిపించడమో, ఇంకా చెప్పుకోలేనిదో ఉంటే, పిల్ల ధైర్యం పెంచడం మన పని కాదు. ముందు వెళ్ళి ఆ బడితో మాట్లాడాలి, అవసరమైతే పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పాలి. బడి తెరిచి రెండు మూడు వారాలు గడిచినా ఏడుపు, నొప్పి, నిద్రలేమి తగ్గకపోతే దిష్టి తీయించడంతో సరిపెట్టకుండా వైద్యులకు చూపించాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. మా బడి నోటీసు బోర్డు మీద ఆ రెండు నంబర్లూ నేనే పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.

జూన్ 11 రాత్రి మామూలుగానే నాకు నిద్ర పట్టలేదు. పన్నెండో తేదీ మొదటి పిరియడ్‌లో ఏడో తరగతికి వెళ్ళి, ఎవరి నంబరూ పిలవకుండా, నల్లబల్ల మీద నేనే ఒక భిన్నాల లెక్క వేశాను. కావాలనే మధ్యలో ఒక తప్పు చేశాను. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. ఆఖరి బల్లలోంచి ఒక అమ్మాయి సగం లేచి, "టీచర్, అక్కడ హారం మారిపోయిందండీ" అన్నది. తరువాత తరగతి అంతా ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టింది. మామూలు జూన్‌లలో ఆ గలాభా రావడానికి వారం పడుతుంది. పాత పద్ధతిలో అయితే ఎవరికి ఏమి వచ్చో మొదటి రోజే తెలిసేది, ఇప్పుడు తెలియడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులు నష్టమేమీ అనిపించలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి వాకిట్లోనే అరుగు మీద కూర్చుని ఉంది. ఎలా జరిగిందని వెంటనే అడగకూడదని దారిలో గట్టిగా అనుకున్నాను గాని చెప్పులు విప్పకముందే అడిగేశాను. లెక్కల టీచరు ఇంకా బదిలీ మీద రావాల్సి ఉందట, ఆ పిరియడ్ అంతా ఆటలు ఆడుకున్నారట. సోషల్ పుస్తకానికి రేపటిలోగా అట్ట వేయాలట. ఇవన్నీ చెబుతూనే మేజోడు కిందికి లాగి మడమ చూపించింది. కొత్త బూటు కరిచి, రూపాయి బిళ్ళంత మేర తోలు లేచిపోయింది. మా అత్తయ్య గారు లోపల్నుంచి కొబ్బరినూనె గిన్నె తెచ్చారు. నేను నూనె రాస్తుంటే, "రేపు చెప్పులతో వెళ్ళొచ్చా అమ్మా, ఊరుకుంటారా?" అని అడిగింది.